కన్నాలు లేని బ్యూకు

సోదరీమణులారా, మన సికింద్రాబాదులో పాత బంగళా అమ్మకానికొచ్చిందంటే, షెడ్డులో గోనెపట్టా కప్పిన అమెరికా కారొకటి బయటపడినా ఆశ్చర్యం లేదు. జనరల్ మోటార్స్‌వారు 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోనే కార్లు బిగించి అమ్మారు మరి. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నారని తెలిస్తే బేరగాడు దాన్ని తుక్కు కింద తూకానికి అడుగుతాడు. తొందరపడి ఊఁ అనకండి.

ఆ కంపెనీదే బ్యూకు కారుంది. దానికి పేరిచ్చిన డేవిడ్ డన్‌బార్ బ్యూకు అంతకుముందు ఇనపతొట్లకి ఎనామిలు పూత పట్టించే పద్ధతి కనిపెట్టినవాడు. మన ఎనామిలు గిన్నెలకి దూరపు చుట్టమే అనుకోండి! 1949 నుంచి ఈ కార్ల ముందు మడ్‌గార్డుల మీద వరసగా కన్నాలుండేవి. పెద్ద కారు రోడ్‌మాస్టరుకి పక్కకి నాలుగు, తక్కినవాటికి మూడు. లెక్కపెడితే యజమాని స్తోమతు తెలిసిపోయేది.

1953లో కంపెనీకి యాభై ఏళ్లు నిండాయి. ఆ సంబరానికి స్కైలార్క్ అనే కార్లు 1,690 మాత్రమే చేశారు. ధర అయిదువేల డాలర్లు. విడ్డూరమేమిటంటే, అంత ఖరీదైనదానికి కన్నాలే లేవు! పుట్టింటివారు ఇత్తడి గిన్నెల మీద పేరు కొట్టించినట్టు, కొన్నవారి పేరు స్టీరింగు మధ్య బిళ్ల మీద వేయించి ఇచ్చేవారు.

కన్నాలు లేకపోగానే స్కైలార్కేనా? కాదు. మామూలు బండి కన్నాలు పూడ్చి రంగేస్తే ఎవరు కనిపెడతారు? ముందు అద్దం రోడ్‌మాస్టరు అద్దం కన్నా పొట్టిగా ఉండాలి. తలుపు పైఅంచు కిందకి వాలాలి. చక్రాలకి తీగపుల్లలుండాలి. వెనక చక్రం మడ్‌గార్డు చాటున దాక్కోకుండా పూర్తిగా కనిపించాలి. 1954లో ఇదే పేరుతో 836 చేశారు గాని అవి వేరే తీరు, సెంచరీ అనే కారు ఛాసిస్ మీద కట్టినవి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, బానెట్టెత్తితే ఇంజను వెనక గోడ మీద ఉండే చిన్న పలక. బాడీ నమూనా, వరస నంబరు అందులో ఉంటాయి. మెకానిక్కు దాన్ని ఊడదీసి పారేశాడంటే కారు జాతకం పోయినట్టే.

స్కైలార్కే మనకి దొరుకుతుందని నేననను. ఏ పాత కారుకైనా ఈ చూపే కావాలి. యాభై ఏళ్లు దాటిన బళ్లకి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకం నంబరిచ్చే నియమం కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బళ్లకే అది. అందుకని రంగుల షాపుకి తోలించకముందే ఆ పలక నంబరు రాసి పెట్టుకోండి. పాత ఆర్సీ పుస్తకం, కొన్నప్పటి బిల్లు బీరువాలో ఏ చీరల అడుగునో ఉంటాయి, అవీ వెతికించండి.