కోయంబత్తూరు–మదురై దారి: చెవితో చదివే మన చరిత్ర

హవాయి దీవుల్లో హానా అనే ఊరికి పోయే సముద్రపు దారి ఒకటుంది. అంతా మలుపులే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క అడివి. ఆ దారిన కారులో పోయేవాళ్ళు చాలామంది ఫోనులో ఆడియో టూర్ వేసుకుంటారు. బండి ఎక్కడికొచ్చిందో ఫోను కనిపెట్టి ఆ చోటి కథ చెప్తుంది. గైడుతో పని లేదు, బస్సు గుంపుతో పరుగులు లేవు. నచ్చిన చోట ఆపుకుని, టీ తాగి, మళ్ళీ బయల్దేరొచ్చు.

అట్లాంటిది మన దారికీ కావాలి. మన దారి అంటే కోయంబత్తూరు నుంచి పొళ్ళాచ్చి, ఉడుమలై, పళని, ఒట్టన్‌సత్రం, దిండిగల్ మీదుగా మదురై. సుమారు 230 కిలోమీటర్లు. సముద్రం లేదు గానీ, పొళ్ళాచ్చి దాటి తూర్పుకి తిరిగినాక ఆనైమలై, ఆ తరవాత పళని కొండలు చాలా దూరం మనతోనే వస్తాయి. ఈ దారికి రెండు పక్కలా తెలుగు మాట్లాడే ఇళ్ళు నాలుగైదు వందల ఏళ్ళుగా ఉన్నాయి. మా చుట్టాల పిల్లలు ఈ దారిన ఏటా పోయొస్తారు, పోయేటప్పుడు నిద్రపోతారు. వాళ్ళ కోసం మేం పద్నాలుగు ముక్కలు రికార్డు చేశాం. అందులో ఏముందో, ఏది ఎందుకు పెట్టామో ఇక్కడ రాస్తున్నా. మీ ఇళ్ళలో కూడా చేసుకోవచ్చని.

చదవడం రాని తెలుగు

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైన. అంటే నూటికి దాదాపు ఆరుగురు. ఇందులో తెలుగు అక్షరాలు చదవగలిగేవాళ్ళు ఎంతమందో మన ఇళ్ళల్లో ఒకసారి లెక్కపెట్టండి. అవ్వ మాట్లాడుతుంది, అమ్మ మాట్లాడుతుంది, పిల్లలు అర్థం చేసుకుని తమిళంలో జవాబు చెప్తారు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే. కానీ ఇంటి భాష అక్షరాలకి బడిలో చోటు తగ్గింది.

నేను చదివింది కన్నడ మీడియం. కన్నడ అక్షరాలు తెలుగుకి దగ్గర కాబట్టి, కూడబలుక్కుని తెలుగు పుస్తకం చదవగలిగాను. తమిళ మీడియంలో చదివిన మా అత్త పిల్లలకి ఆ వీలు లేదు. తమిళ లిపిలో తెలుగు రాద్దామన్నా క, గ లకి ఒకే అక్షరం. గాలి అని రాసినా, కాలి అని రాసినా చూపుకి ఒకటే. చెవికి మాత్రం ఆ తికమక లేదు. మన తెలుగు ఇన్ని తరాలు బతికింది చెవి మీదే. అందుకే మన చరిత్ర కూడా ముందు చెవికి అందాలి.

తయారీ గురించి రెండు మాటలు

బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే నాలుగు నిమిషాల ముక్క అయ్యేసరికి నాలుగు కిలోమీటర్లు దాటిపోతాం. అందుకని ఊరు రాకముందే మొదలుపెట్టాలి. ‘ఎడమ పక్క, కుడి పక్క’ అని ఎక్కడా చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో అవి తారుమారు అవుతాయి. ‘కొండల పక్క, మైదానం పక్క’ అంటే ఎటునుంచి వచ్చినా సరిపోతుంది. కొత్త నాలుగు వరసల రోడ్డు ఊళ్ళని తప్పించి పోతుంది, కాబట్టి ఎక్కడ దిగి పాత రోడ్డు పట్టాలో ముందే చెప్పాం. ఫోను పక్కన కూర్చున్నవాళ్ళ చేతిలో ఉండాలి, బండి తోలేవాళ్ళు ముట్టుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటి ఉంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ‘ఇది ఇట్లా ఉంది’ అంటే ‘ఎట్లా తెలుసు?’ అని అడగడమే నా పని. అందుకని ప్రతి ముక్క మొదట్లో ఒక మాట పెట్టాం: రాయి, కాగితం, నోటిమాట. కంటితో చూడగలిగే కట్టడమో శాసనమో అయితే రాయి. రాసిపెట్టి ఉన్నదైతే కాగితం. పెద్దలు చెప్పింది నోటిమాట. మూడూ కావాలి. ఒకదాన్ని ఇంకోటని చెప్పకూడదు, అంతే.

పీలమేడు: పత్తి, బావి, మోటారు

టూరు కోయంబత్తూరు పీలమేడులో మొదలవుతుంది. దక్షిణాదికి వచ్చిన తెలుగు రైతుల్లో ఎక్కువమంది ఏటి ఒడ్డు మాగాణుల్లో దిగలేదు. అవి అప్పటికే ఒకరివి. వీళ్ళు నిలబడింది నల్లరేగడి మెట్టల్లో, వాన తక్కువ చోట. నల్లరేగడి అంటే పత్తి. వాన తక్కువంటే లోతు బావి. కోయంబత్తూరు తెలుగువాళ్ళ తరవాతి కథలో చాలా భాగం ఈ రెండిట్లోంచే వచ్చింది. పత్తి వ్యాపారం నుంచి మిల్లులు వచ్చాయి. జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టింది 1910లో. 1930ల్లో పైకారా కరెంటు వచ్చినాక మిల్లులు వరస కట్టాయి, బావులకి కరెంటు మోటార్లు కావాల్సొచ్చాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి మన దేశంలో తయారైన మోటారుని తెచ్చారు. ఈ ముక్క ‘కాగితం’.

పీలమేడులోనే పి.ఎస్.జి. సంస్థలున్నాయి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని అయిదు వాటాలు వేసి, అయిదో వాటా ధర్మానికి ఇచ్చారు. 1926లో పెట్టిన ఆ ధర్మసంస్థ కాలేజీలు, ఆసుపత్రి ఈ రోజుకీ నడుస్తున్నాయి.

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే చరిత్ర సగమే. కరెంటు రాకముందు ఆ లోతు బావుల్లోంచి నీళ్ళు తోడింది ఎద్దులు, తోలు బానలు. ఆ తోలు బాన కుట్టింది అరుంధతియార్లు. వాళ్ళల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. మన పెళ్ళి పత్రికల్లో, సంఘం పుస్తకాల్లో ‘మన తెలుగువాళ్ళు’ అన్నప్పుడు వాళ్ళ పేరు రాదు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్ళకి విడిగా మూడు శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది. వందల ఏళ్ళు ఒకే భాషలో పని చేయించుకుని, చరిత్ర రాసేటప్పుడు మర్చిపోతే, ఆ చరిత్ర ఏ టెస్టుకీ నిలవదు. దేవాంగ నేతగాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, కన్నడం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. కంబళత్తార్లు, బలిజలు, రెడ్లు, కమ్మవార్లు అందరిదీ ఈ దారి.

పొళ్ళాచ్చి నుంచి పళని: ఊరి పేర్లు, ఒక బస్సు

ఈ భాగంలో పిల్లలకి ఒక ఆట పెట్టాం. బోర్డుల మీద ‘వడుగ’ అని, ‘నాయక్కన్’ అని వచ్చే ఊళ్ళు లెక్కపెట్టాలి. వడుగు అంటే తమిళంలో ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళు, అంటే ముఖ్యంగా తెలుగువాళ్ళు. పొళ్ళాచ్చిలో వడుగపాళయం ఉంది. కోయంబత్తూరుకి ఉత్తరాన పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం ఉన్నాయి. పాళయం అంటే మన పాళెం, సైన్యం దిగిన చోటు. ఇక్కడ ఊరి బోర్డే ఒక చరిత్ర పుస్తకం.

అదే దారిలో 1920లో ఒక కుర్రవాడు ఒక బస్సు కొని, పొళ్ళాచ్చికీ పళనికీ మధ్య తనే తోలాడు. ఆయనే జి.డి. నాయుడు, 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టినవాడు. ఆ ఒక్క బస్సే తరవాత యు.ఎం.ఎస్. అనే పెద్ద కంపెనీ అయింది. మనం ఇప్పుడు పోయే రోడ్డే ఆయన తోలిన రోడ్డు అని చెప్పగానే వెనక సీట్లో నిద్రపోయేవాళ్ళు కూడా లేస్తారు.

ఉడుమలై పక్క ముక్క ‘నోటిమాట’. తమ ముత్తాతలు ఒక నవాబు బారి నుంచి ఆడపిల్లని కాపాడుకోడానికి రాత్రికి రాత్రి బయల్దేరారని, ఏరు అడ్డమొస్తే రెండు ఒడ్డుల మీది కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయని కంబళత్తార్లు చెప్తారు. ఇలాంటి కథే కొద్ది మార్పులతో తమిళనాడులోని వేరే తెలుగు కులాల్లోనూ ఉంది. ఇంతమంది ఒకే కథ చెప్పడంతో అది జరిగినట్టు తేలదు. వచ్చినవాళ్ళకి ‘మేం ఒక చోటు వదిలి వచ్చాం’ అనే జ్ఞాపకం ఎంత గట్టిదో మాత్రం తేలుతుంది. కాగితం చెప్పేది వేరే. 1370ల్లో కుమార కంపన మదురై సుల్తానుల్ని ఓడించినప్పటి నుంచి విజయనగర సైన్యాలు, వాటి వెనకే రైతులు, నేతగాళ్ళు, వ్యాపారులు రెండు వందల ఏళ్ళకి పైగా విడతలు విడతలుగా వచ్చారు. ఒక్క రాత్రి వలస కాదిది.

కంబళత్తార్ల దేవరాట్టం కూడా ఈ ముక్కలో ఉంది. పాట లేకుండా ఉరుమి మోతకే అడుగులేసే ఆట. ఆ మోతే కాసేపు వినిపిస్తాం. తళి పాళెగాడు ఎత్తలప్ప నాయకుడు కంపెనీ దూతని ఉరి తీయించాడని ఈ పక్క చెప్పుకునే కథనీ నోటిమాటగానే పెట్టాం.

విరూపాక్షి: దిగాల్సిన ఊరు

పళనికీ ఒట్టన్‌సత్రానికీ మధ్య విరూపాక్షి వస్తుంది. పేరు వినగానే హంపి గుర్తొస్తుంది. చాలామందికి ఈ ఊరంటే కొండ అరటిపండు. పళని పంచామృతంలో పడే పండు అదే, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇక్కడి పాళెగాడు గోపాల నాయకుడు. 1772లో శివగంగ రాజు యుద్ధంలో చనిపోయాక రాణి వేలు నాచ్చియార్ ఈ పక్కకే వచ్చి తల దాచుకుంది. గోపాల నాయకుడు ఆసరా ఇచ్చాడు, హైదరలీ సాయం చేశాడు, 1780లో ఆమె శివగంగని తిరిగి తెచ్చుకుంది. తమిళ రాణి, తెలుగు పాళెగాడు, మైసూరు నవాబు. కులం పేరుతోనో భాష పేరుతోనో ఈ కథని ఒకరే సొంతం చేసుకోలేరు. తరవాత గోపాల నాయకుడు దిండిగల్ చుట్టుపక్కల పాళెగాళ్ళని కంపెనీ మీదికి కూడగట్టాడు. 1800లో కోయంబత్తూరు కోట మీద దాడి ఫలించలేదు. 1801లో ఆయన్ని ఉరి తీశారు. ఊళ్ళో ఆయన మణిమండపం ఉంది. అక్కడ బండి ఆపండి, పండ్లు కూడా కొనుక్కోండి.

దిండిగల్ కొండ కోట దూరం నుంచే కనపడుతుంది. మదురై నాయకుల కాలంలో, 17వ శతాబ్దం మొదట్లో కట్టింది. ఎక్కే ఓపిక ఉంటే పొద్దున్నే ఎక్కాలి.

మదురై: రాయి ఉంది, మాట లేదు

మదురై నాయక రాజ్యం 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736లో రాణి మీనాక్షితో ముగిసింది. తిరుమల నాయకుడి మహల్ 1636 నాటిది. ఇప్పుడు మనం చూసేది అప్పటి దాంట్లో నాలుగో వంతే. ఆయన మనవడు చొక్కనాథుడు కొంత విప్పి తిరుచ్చికి తీసుకుపోయాడు. మిగిలినదాన్ని 19వ శతాబ్దంలో గవర్నర్ నేపియర్ బాగు చేయించాడు. ఆ మహల్లో సాయంత్రం పూట చాలా ఏళ్ళుగా నడిచిన సౌండ్ అండ్ లైట్ షో తమిళంలో, ఇంగ్లీషులో ఉండేది, చెప్పింది శిలప్పదికారం కథ. మదురైకి అది తగిన కథే. కానీ ఈ రాజుల కొలువులో తెలుగు పుస్తకాలు పుట్టాయని మన పిల్లలకి మనమే చెప్పుకోవాలి. సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడి అహల్యాసంక్రందనం, జైమినీ భారతం ఆ కొలువులోవే. విజయరంగ చొక్కనాథుడు తనే వచనం రాశాడు, శ్రీరంగ మాహాత్మ్యం ఆయనదే. పద్యమే రాజ్యమేలిన రోజుల్లో తెలుగు వచనం ఇంత గట్టిగా నిలబడింది ఈ తమిళ నేల మీదే.

ఆ విజయరంగడిని పెంచి, 1689 నుంచి పదిహేనేళ్ళకి పైగా రాజ్యం నడిపింది ఆయన నాయనమ్మ మంగమ్మ. ఆమె యుద్ధాల కంటే జనానికి గుర్తున్నవి రోడ్లు, దారి పక్క చెట్లు, బావులు, సత్రాలు. మదురై రైల్వే స్టేషన్ ఎదురుగా మంగమ్మ సత్రం ఉంది. దక్షిణాదిలో ఆమె పేరు మీద దారులు ఇప్పటికీ ఉన్నాయి. మన టూరులో చివరి ‘రాయి’ ఆ సత్రం. దారి గురించిన కథ, దారులేయించిన మనిషి దగ్గర ఆగడం బాగుంటుంది.

పద్నాలుగో ముక్క

పదమూడు ముక్కలు అందరికీ ఒకటే. పద్నాలుగోది ప్రతి ఇంటికీ వేరే. అందులో మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు పది నిమిషాలు మాట్లాడాలి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, పొలంలో ఏం వేసేవాళ్ళు, ఎవరు కూలికి వచ్చేవాళ్ళు, ఏ దేవుడికి ఏ నెలలో పొంగలి పెట్టేవాళ్ళు, వాళ్ళ అమ్మ తిట్టేటప్పుడు ఏ మాట వాడేది. ‘సరైన తెలుగు’ మాట్లాడమని వాళ్ళని అడగొద్దు. విజయవాడ తెలుగు టీవీలో రోజూ దొరుకుతుంది. ‘ఈడికి రా’ అనే మీ అవ్వ తెలుగు ఇంకెక్కడా దొరకదు.

ఫోనులో రికార్డరు నొక్కి, ఫ్యాన్ ఆపి, పక్కన కూర్చోండి. చివర్లో తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ళ పేరు మీరే చెప్పి ఆపండి. మూడు చోట్ల దాచండి. గుర్తు ‘నోటిమాట’ అని పెట్టండి. మీ మనవళ్ళ నాటికి అది కాగితంతో సమానం అవుతుంది.