మన పల్లెలు – అగ్నిరక్షణము

అమరసింహుడు తన కోశమున అగ్నికి చెప్పిన పేర్లలో ఆశ్రయాశుడు అనునది యొకటి. తనకు ఆశ్రయమిచ్చిన దానినే భక్షించువాడని దాని యర్థము. వాయుసఖుడు అనునది వేరొకటి. ఈ రెండు పేర్ల యర్థము తెలిసినవానికి పూరియిండ్ల పల్లె యెట్లు కాలునో వేరుగ చెప్ప నక్కరలేదు. పొయ్యిలోని నిప్పు తనకు చోటిచ్చిన యింటిని మొదట తినును. పిమ్మట గాలిని తోడు చేసికొని ప్రక్కయింటికి పోవును. వాయులింగము వెలసిన శ్రీకాళహస్తి మొదలు కుప్పము వఱకు గల మన సీమలో, చెఱకు ఆకును బోదగడ్డిని కప్పిన యిండ్లలో పుట్టి పెరిగిన పెద్దలకు ఇది నిఘంటువు చూచి తెలిసికొనవలసిన సంగతి కాదు.

ఈ భయము ప్రాచీనులకును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు, నగరాధికారి విధులను తెలుపుచోట, గ్రీష్మకాలపు అగ్నిరక్షణ నియమములు చెప్పబడినవి. పగటిని నాలుగు భాగములు చేసి నడిమి రెండు భాగములందు నిప్పు రాజేసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండుగ. వంట తప్పనిసరియైనచో ఇంటి వెలుపల చేసికొనవలెను. ప్రతి గృహస్థును ఐదు నీటి కడవలు, పెద్ద కాగు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, కప్పుగడ్డిని పట్టి యీడ్చు పనిముట్టు, తోలుతిత్తి సిద్ధపఱచుకొనవలెను. లేనిచో కాలు పణము దండుగ. గడ్డితోను చాపలతోను కప్పినవానిని తీయించివేయవలెను. నిప్పుతో జీవించు పనివారినందఱను ఒకచోటనే కాపురముంచవలెను. వీథులలోను, నాలుగు త్రోవలు కలియుచోట్లను, కోటవాకిళ్ళకడను నీటికుండలు వేలకొలదిగ వరుసదీర్చి యుండవలెను.

ఇంతవఱకు ముందుజాగ్రత్త. తరువాత చెప్పిన దండుగలు ఇంకను విచారింపదగినవి. ఏమఱుపాటున నిప్పంటించినవానికి ఏబదినాలుగు పణములు. బుద్ధిపూర్వకముగ అంటించినవానికి అగ్నిచేతనే మరణము. కాలుచున్న యింటికి పరుగెత్తి రాని యింటి యజమానికి పన్నెండు పణములు. అద్దెకున్నవాడు రాకున్న ఆఱు పణములు. తప్పు చేసినవానిని శిక్షించుట ఏ ధర్మశాస్త్రమందైనను కలదు. చేయవలసిన సాయము చేయక ఊరకున్నవానికి, అదియును సొంతయింటివానికి హెచ్చుగను అద్దెయింటివానికి తక్కువగను, దండుగ లెక్కగట్టుట అరుదు. ఇండ్లు కాలుట ఒకని పాపమైనను ఆర్పుట అందఱి పనియని శాస్త్రకారుడు స్పష్టముగ నిర్ణయించినాడు.

ఈ గ్రంథము బహుకాలము పేరుకు మాత్రమే తెలిసియుండెను. తంజావూరు ప్రాంతపు పండితుడొకడు మైసూరులోని ప్రాచ్య గ్రంథాలయమున కొప్పగించిన తాళపత్రములనుండి ఆర్. శామశాస్త్రిగారు దీనిని 1909లో అచ్చువేయించిరి. నిప్పును గూర్చి చెప్పు పుస్తకము నిప్పుపాలు గాక మిగిలినది ఒక గ్రంథాలయపు బీరువా పుణ్యమున ననుట చందాదారులు సంతోషింపదగిన విషయము.

మన రైతులు అర్థశాస్త్రము చదివి యుండలేదు. అయినను ఆ జాబితాలోని వస్తువులన్నియు వారి యిండ్లలో నుండినవే. కడవ, బాన, పశువుల కుడితితొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, చింతకాయలు రాల్చు దోటి. కౌటిల్యుడు చెప్పిన తోలుతిత్తియో, ఊరి బయట ప్రతి కపిలబావి మీదను ఎద్దుల వెనుక దిగుచు ఎక్కుచు నుండెను. వస్తువులు కాదు, వానిని వాడు క్రమము తెలిసియుండుటయే ముఖ్యము. పూరిల్లు అంటుకొన్నపుడు అనుభవశాలియైన పెద్ద ఆ యింటిని వదలి, గాలి పోవు దిక్కున నున్న మూడవ యింటి కడకు పోయెడివాడు. దాని కప్పును దోటితో పెఱికి నేలకీడ్చి, నిప్పునకు మేత లేకుండ చేయించెడివాడు. కాలని యింటి కప్పును పీకుటకు ఆ యింటివారు ఒప్పుకొనుటయే అన్నిటికంటె కష్టమైన పని. ఒకరు నిచ్చెన యెక్కి తడిగోనెలు కప్పునపై పఱచెదరు. క్రిందినుండి కడవలు చేతులు మాఱును. తలారి పశువుల కట్లు కోసి వదలును. నీటికడవలు మోసినవారిలో స్త్రీలే యెక్కువ. బావికి త్రోవ చీకటిలోనైనను తెలిసినవారు వారే గదా!

మంట లారిన మఱునాడు మునసబు కరణములు తాలూకా కచ్చేరికి నివేదిక పంపుచుండిరి. కాలిన యిండ్లెన్ని, చచ్చిన పశువులెన్ని, పోయిన గింజలెన్ని పుట్లు అను లెక్క అందు దొరకును. పరుగెత్తి వచ్చినవారి పేర్లు అట్టి లెక్కలలో చేరవు. 1984లో ఆ యుద్యోగములు రద్దగుటతో ఆ లెక్కల తీరును మాఱినది.

నిప్పు ఎక్కడనుండి వచ్చుననుట కూడ ఊరివారికి తెలియును. చిత్తూరు సీమకు పేరు తెచ్చిన బెల్లపు గానుగ నే తీసికొందము. పెనము క్రింద మండునది ఎండిన చెఱకుపిప్పి. ప్రక్కన కుప్పగ నుండునదియు అదే. పైన కొట్టమునకు కప్పినది చెఱకు ఆకు. ఒక్క నిప్పురవ్వ యెగిరిన ఈ మూడును ఒకటియే. ఆరని గడ్డిని వామి వేసినచో లోపల వేడి పుట్టి, ఎవరును అంటింపకయే రగులుట కలదు. దానిని దిష్టియనియు పగవాని పనియనియు అనుకొని తగవులాడిన యూళ్ళు లేకపోలేదు. ఇక చుట్ట కాల్చి పాఱవేయువారి సంగతి చెప్పనేల? ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగెనన్న సామెత వారి కొఱకే పుట్టినది.

ఈ చరిత్రలో మఱుగుపఱుపరాని భాగ మొకటి కలదు. నీరు అందఱి కందుబాటులో లేదు. దళితవాడలు ఊరికి దూరముగను, గుడిసెలు ఒకదానికొకటి ఆనుకొనియు నుండెడివి. ఊరిబావిలో చేద వేయుటకు వారికి అనుమతి లేదు. గుడిసెలు అంటుకొన్నపుడు బావి దాపున నున్నను అది లేనట్లే. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. 1955 నాటి శాసనము బావినుండి నీరు తోడుకొననీయకుండ అడ్డగించుటను నేరముగ చేసినది. దీనిని సంఘసంస్కరణగ మాత్రమే చెప్పుట వాడుక. అగ్నిరక్షణ చరిత్రలోను దీనికి చోటుండవలెను.

నిప్పును అదుపున నుంచుటలో మన పల్లెలకు నేర్పు లేదనరాదు. ఈ సీమ దక్షిణభాగమున ధర్మరాజుగుళ్ళు గల యూళ్ళలో భారతము చెప్పించి, కడపట ద్రౌపదీదేవి పేర నిప్పులగుండము త్రొక్కుదురు. కట్టెలు ఎంత, గుండమెంత, దరిని నిలుచువారెవ్వరు అన్నది ముందే నిర్ణయమై యుండును. ఆ కథలోనే లక్కయిల్లును వచ్చును. లక్క, నెయ్యి మున్నగువానితో కట్టిన యింటిలో పాండవులు బ్రదికి బయటపడుటకు కారణము భీముని బలముకంటె విదురుడు ముందుగ పంపిన ఖనకుడు త్రవ్విన బిలము. మంట రాకముందే వెడలు త్రోవ చూచుకొనుట యనునది భారతము వినినవారి కందఱకును తెలిసియుండవలసిన నీతి. అయినను ఒకే వాకిలి గల కొట్టములలో పెండ్లి విందులు జరుపుట మానలేదు.

ఊరివారు తమంత తాము జట్టుగ నేర్పడి మంట లార్పుట ఇతర దేశములందును కలదు. రోమునగరమున ఆగస్టసు చక్రవర్తి క్రీ.శ. 6లో జీతపు దళమును పెట్టెను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఇరుగుపొరుగువారిని చేర్చి స్వచ్ఛందసంఘము స్థాపించెను. అందలి సభ్యులు తోలుబొక్కెనలు, సామాను మోయు సంచులు సిద్ధముగ నుంచుకొనవలెనని కట్టడి. కౌటిల్యుని తోలుతిత్తి అక్కడను కనబడుచున్నది. మన ప్రాంతమున సర్కారు దళము మొదట నగరమునకు వచ్చినది. మద్రాసులో 1908లో నేర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1942 ఏప్రిలు 6న విశాఖపట్నముపై జపానువారి బాంబులు పడిన దినములలో, పట్టణవాసులకు ఇసుక బక్కెట్ల వాడుక నేర్పిరి. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఫోర్టు స్టైకిన్ అను ఓడ ప్రేలినపుడు అగ్నిమాపక దళమువారు 66 మంది ప్రాణములు కోల్పోయిరి. వారి స్మృతికై ఏటేట ఏప్రిలు 14 నుండి 20 వఱకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. మన రాష్ట్రమునకు ప్రత్యేకముగ అగ్నిమాపక శాసనము 1999లో వచ్చినది.

ఫైరింజను మోయునది సామాన్యముగ నాలుగున్నర వేల లీటర్ల నీరు. అది గొట్టమున కొలది నిమిషములలో వెడలిపోవును. పట్టణమునుండి పల్లెకు అది వచ్చునంతలో పూరిల్లు బూడిదగును. కావున ఇంజను వచ్చినదను ధైర్యమున ఊరివారు చేయి వదలిన చోట ఇంజనుండియు ప్రయోజనము తక్కువ.

అడవి విషయమున ఈ సంగతిని సర్కారే యొప్పుకొన్నది. శేషాచలపు అడవులు ఎండకాలమున గడ్డి యెండి నిప్పునకు సిద్ధముగ నుండును. 2014 మార్చిలో తిరుమల కొండలలో మంటలు లేచినపుడు వైమానికదళపు హెలికాప్టర్లను రప్పింపవలసి వచ్చెను. ప్రతి యేటను హెలికాప్టరు రాదు. ఆకులూడ్చి నిప్పుగీతలు తీయువారు, పచ్చికొమ్మలతో మంటను కొట్టి యార్పువారు అడవియంచు పల్లెలవారే. 1992లో మన రాష్ట్రమున మొదలైన వన సంరక్షణ సమితుల విధులలో నిప్పునుండి అడవిని కాచుటయు నొకటి. పల్లెవారి స్వచ్ఛంద అగ్నిమాపక దళమునకు మన సీమలో మిక్కిలి దగ్గఱగ వచ్చునది ఇదియే. కొండకు నిప్పంటిన కదలు సమితి, ఊరిలోని వీథికి లేకపోవుట వింత.

ఇప్పుడు పల్లె రూపు మాఱినది. 1980ల నుండి సర్కారు గృహనిర్మాణ పథకములచే పూరికప్పులు పోయి మిద్దెలు వచ్చినవి. వీథికి వీథి కాలుట తగ్గినది. అయినను 2004 జూలై 16న తమిళనాట కుంభకోణములో, వంటయింటి నిప్పు బడి పూరికప్పున కంటుకొని 94 మంది పసిపిల్లలు మరణించిరి. 1999లో దీపము పథకముతో గ్యాసుపొయ్యిలు పల్లెలకు విరివిగ వచ్చినవి. గ్యాసు గాలికంటె బరువైనది; కారినపుడు నేలబారున నిలుచును. వాసన తగిలిన వెంటనే రెగ్యులేటరు కట్టి, తలుపులు తెఱచి, లైటు వేయకయు ఆర్పకయు బయటికి వచ్చి 1906కు ఫోను చేయవలెను. మంట లేచినచో 101 గాని 112 గాని. బాణలిలో నూనె మండినపుడు నీరు చల్లరాదు, మూత వేయవలెను.

వీనికంటె పెద్ద చిక్కు నీటిది. కపిలలు పోయినవి, దిగుడుబావులు ఎండినవి. ఊరికి దిక్కు బోరు. ఇల్లు కాలుచున్నపుడు మొట్టమొదట చేయవలసినది కరెంటు తీసివేయుట. వీథి కరెంటు తీసినచో బోరు మోటారును నిలిచిపోవును. పూర్వము తాడును చేదయు నుండిన చాలినది. ఇప్పుడు నేల క్రింద నీరున్నను పైకి రాదు. మిద్దెపై తొట్టి నిండియుండి, క్రింద గొట్టము తగులు కుళాయి యున్న యింటి నీరు మాత్రమే కరెంటు లేకున్నను దిగును. వీథికి అట్టి యిండ్లు ఎన్ని, గొట్టము ఎంత పొడవు, పొడవు నిచ్చెన ఎవరింట నున్నది, నడువలేని ముసలివారు ఏ యింటిలో ఒంటరిగ నున్నారు అను లెక్క వ్రాసి గ్రంథాలయపు గోడకు అంటించుటకు ఒక పుట కాగితము చాలును.