హక్కుల సంఘాలు ఎవరి పక్షం? కోర్టులు ఎవరి పక్షం? ఓయూ రోడ్డు మీద యాభై ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ స్టూడియోలో కాదు, రోడ్డు మీద. విద్యానగర్‌లో మొదలుపెట్టి, అడిక్‌మెట్ దాటి, ఓయూ క్యాంపస్ లోపలి నుంచి తార్నాక దాకా నడుస్తూ మాట్లాడుకుందాం. వెనక బస్సు హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

పోయిన వారం ఎన్‌కౌంటర్ల మీద చిన్న షార్ట్ పెట్టాను. కామెంట్లలో సగం మంది ఒకటే అడిగారు. "పోలీసులు చచ్చిపోయినప్పుడు ఈ హక్కుల సంఘాలు ఎక్కడికి పోతాయి బ్రో?" మిగతా సగం మంది ఇంకోటి అడిగారు. "పేదోడికి ఒక కోర్టు, పెద్దోడికి ఒక కోర్టు కదా, దాని గురించి మాట్లాడవేం?" చూడ్డానికి రెండు ప్రశ్నలు. కానీ అడుగుతున్నది ఒక్కటే: న్యాయం అడిగేవాళ్లకి, న్యాయం చేసేవాళ్లకి సొంత రాజకీయం ఉందా?

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాశాను. అక్కడ ఒక సింపుల్ టెస్ట్ ఉంటది. ఇన్‌పుట్‌లో పేరు ఒక్కటి మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి, మళ్లీ రన్ చేస్తాం. అవుట్‌పుట్ మారిందంటే లోపల ఎక్కడో బగ్ ఉన్నట్టే. ఈరోజు మన చరిత్ర మీద ఆ టెస్టే రన్ చేద్దాం. పేరు మారుద్దాం, పార్టీ మారుద్దాం, మన కోపం మారుతుందేమో చూద్దాం.

మొదటి కేసు ఇక్కడే, ఈ క్యాంపస్‌లోనే. 1972 ఏప్రిల్ 14. జార్జి రెడ్డి. ఫిజిక్స్ విద్యార్థి, వయసు 25. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపారు. 2019లో సినిమా వచ్చింది కాబట్టి మీలో చాలామందికి పేరు తెలుసు. వామపక్ష విద్యార్థులు చంపింది హిందుత్వ శక్తులే అంటారు, అవతలి పక్షం ఆ కథ అట్ల లేదంటది. కోర్టు లెక్కలో మాత్రం ఒక్కటే మిగిలింది: ఆ హత్యకి ఎవరికీ శిక్ష పడలేదు.

ఇప్పుడు పేరు మారుద్దాం. 1982, వరంగల్. సామ జగన్మోహన్ రెడ్డి. కాకతీయ యూనివర్సిటీ ఏబీవీపీ నాయకుడు. ఆయన్ని చంపింది నక్సలైట్లు. ఈయన ఫొటో ఒక పక్షం పోస్టర్ల మీద కనిపిస్తది, జార్జి ఫొటో ఇంకో పక్షం పోస్టర్ల మీద. రెండు ఫొటోలూ ఉన్న పోస్టర్ నేనైతే ఎక్కడా చూడలేదు. ఇద్దరూ విద్యార్థులే, ఇద్దరి ఇళ్లలోనూ తల్లి ఏడ్చింది. మన టెస్ట్ మొదటి రౌండ్‌లోనే ఫెయిల్.

సరే, అసలు ఈ హక్కుల సంఘాలు ఎందుకు పుట్టాయి? అది తెలియకుండా "వాళ్లు ఏకపక్షం" అనడం ఈజీ.

ఎమర్జెన్సీ పెట్టిన నెల రోజులకే, 1975 జులై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీలో చదివినవాడు. అంటే ఇప్పటి ఎన్ఐటీ. పోలీసులు "ఎదురుకాల్పులు" అన్నారు. పేపర్లలో అదే వచ్చింది, ఎమర్జెన్సీలో ఇంకేం వస్తది? 1977లో ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వీ.ఎం. తార్కుండే అధ్యక్షుడిగా ఒక కమిటీ వేశారు. అందులో మన కాళోజీ ఉన్నారు, లాయర్ కన్నబిరాన్ ఉన్నారు. వాళ్లు ఊళ్లకి పోయి జనంతో మాట్లాడారు. ఆ నలుగురిని పట్టుకుని, చెట్లకి కట్టేసి కాల్చారని నివేదిక ఇచ్చారు.

దాంతో ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేయాల్సి వచ్చింది. విచారణ బహిరంగంగా మొదలైంది, సాక్షులు చెప్పిందంతా పేపర్లలో రావడం మొదలైంది. అప్పుడేమైంది? ఇక విచారణ తలుపులు మూసుకుని చేస్తామన్నారు. తార్కుండే, కన్నబిరాన్ ఒప్పుకోలేదు, బయటికొచ్చేశారు. ఆ కమిషన్ అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తార్కుండే ఎవరు? బాంబే హైకోర్టు మాజీ జడ్జి. నక్సలైట్ కాదు, కమ్యూనిస్టు కూడా కాదు. చనిపోయినవాళ్ల రాజకీయం ఆయనది కాదు. అయినా వెళ్లి అడిగారు. పేరు మార్చినా అవుట్‌పుట్ మారకపోవడమంటే ఇదే.

ఇంకో కేసు చూద్దాం. సికింద్రాబాద్ కుట్ర కేసు. 1974లో విరసం రచయితలు వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, ఇంకా చాలామంది మీద పెట్టారు. తీర్పు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1989లో. పదిహేనేళ్లు! అందరూ నిర్దోషులన్నారు. కానీ చెరబండరాజు ఆ మాట వినలేదు. ఆయన 1982లోనే చనిపోయారు. తీర్పులో నిర్దోషి, బతికినంత కాలం ముద్దాయి. కోర్టు పక్షపాతం అంటే జడ్జి ఎటో ఒకవైపు మొగ్గడం అనుకుంటాం మనం. చాలాసార్లు జడ్జి ఎటూ మొగ్గడు. కేసు ఎవరి మీద పెట్టాలి, ఎన్నేళ్లు లాగాలి అన్నది కోర్టు మెట్లు ఎక్కకముందే డిసైడ్ అయిపోతది.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా కష్టమైన భాగం. 1985 సెప్టెంబర్, వరంగల్. కాజీపేటలో యాదగిరి రెడ్డి అనే ఎస్ఐని నక్సలైట్లు చంపారు. మర్నాడు, సెప్టెంబర్ 3న, ఆయన అంతిమయాత్ర వెళ్తోంది. ఆ యాత్రలోంచి కొందరు విడిపోయి, దారిలో ఉన్న ఒక క్లినిక్‌లోకి దూరి డాక్టర్‌ని కాల్చి చంపారు. ఆ డాక్టర్ పేరు రామనాథం. పిల్లల డాక్టర్. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, అంటే ఏపీసీఎల్సీ ఉపాధ్యక్షుడు. ఆయన చేతిలో తుపాకీ లేదు, స్టెతస్కోప్ ఉంది. ఆ కాలంలోనే కాకతీయ యూనివర్సిటీ లెక్కల మాస్టారు బాలగోపాల్‌ని టాడా కింద లోపలేశారు.

హక్కుల సంఘం సభల్లో రామనాథం పేరు వినిపిస్తది. పోలీసు అమరవీరుల దినం అక్టోబర్ 21న యాదగిరి రెడ్డి లాంటివాళ్ల పేర్లు వినిపిస్తాయి. ఒకే ఊరు, ఇరవైనాలుగు గంటల తేడా. రెండు పేర్లూ కలిపి చెప్పే మనిషి ఎవరు?

ఆ ప్రశ్నని బయటివాళ్ల కన్నా గట్టిగా లోపలి మనిషే అడిగాడు. ఆయనే బాలగోపాల్. జైలుకి పోయొచ్చినవాడు, దెబ్బలు తిన్నవాడు, ఏపీసీఎల్సీకి ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శిగా చేసినవాడు. తొంభైల మధ్య నుంచి ఆయన సంఘం లోపల వాదించడం మొదలుపెట్టారు. రాజ్యం చేసే హింసని అడిగినట్టే, ఉద్యమం పేరుతో జరిగే హింసని కూడా అడగాలని. ఇన్‌ఫార్మర్ అని చెప్పి ఒక పేద మనిషిని చంపితే అది కూడా హక్కుల సమస్యే అని.

అవతలి వాదన కూడా తేలికైంది కాదు, ఫెయిర్‌గా వినండి. వాళ్లేమంటారంటే: నక్సలైట్ చంపితే అది నేరం, దానికి పోలీసు, కోర్టు, జైలు అన్నీ ఉన్నాయి. పోలీసే చట్టం దాటితే అడిగేదెవరు? మేము రాజ్యం మీద కాపలా, ఎందుకంటే చట్టానికి కట్టుబడతానని ప్రమాణం చేసింది రాజ్యమే. ఇది డొంకతిరుగుడు కాదు, ఇందులో పాయింట్ ఉంది. ఫైర్ ఇంజన్ వాడిని "దొంగల్ని ఎందుకు పట్టుకోలేదు" అని అడగం కదా.

కానీ బాలగోపాల్ పాయింట్ ఇంకొంచెం లోతు. నువ్వు మనుషుల హక్కులు అంటున్నప్పుడు, చచ్చిపోయిన మనిషి ఇంట్లోవాళ్లకి ఎవరు చంపారన్న తేడా ఏముంటది? చివరికి 1998లో ఆయన, ఆయనతో పాటు కొందరు బయటికొచ్చి మానవహక్కుల వేదిక పెట్టారు. దశాబ్దాల స్నేహాలు తెగాయి. ద్రోహి అన్నవాళ్లున్నారు. అయినా ఆయన పోలీసుల పక్షానికేం పోలేదు. నల్ల కోటు వేసుకుని, 2009లో చనిపోయేదాకా ఎన్‌కౌంటర్ల మీద కోర్టులో వాదిస్తూనే ఉన్నారు. మన టెస్ట్‌ని సొంత మనుషుల మీద రన్ చేసి, ఫెయిల్ అని ఒప్పుకుని, ఖర్చు కట్టిన మనిషి. దీనికి చాలా దమ్ముండాలి ఫ్రెండ్స్.

ఆ ఖర్చు ఊరికే పోలేదు. 2009 ఫిబ్రవరి 6న ఏపీ హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ ఒక తీర్పు ఇచ్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ అని పోలీసు తనంతట తాను తేల్చేసుకోవడం కుదరదు, అది విచారణలో రుజువు కావాలి అని. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్తే స్టే వచ్చింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టే పీయూసీఎల్ కేసులో దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ, ఇవన్నీ తప్పనిసరి అని.

మరి కాగితం మీద రూల్ వచ్చాక ఏమైంది? 2015 ఏప్రిల్ 7. ఒకే రోజు రెండు ఘటనలు. ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లో సంకెళ్లతో ఉన్న ఐదుగురు ముస్లిం ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. అటు శేషాచలం అడవిలో ఎర్రచందనం కేసులో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. తమిళనాడులో శేషాచలం మీద బంద్‌లు, ధర్నాలు. అక్కడ ఆలేరు ఊసు పెద్దగా లేదు. ఇక్కడ చాలామందికి రెండూ పట్టలేదు. ఎందుకంటే ఒకరు "టెర్రరిస్టులు", ఇంకొకరు "స్మగ్లర్లు". పేరు పెట్టేశాక విచారణ ఎందుకు అనిపిస్తది మనకి.

2019 డిసెంబర్ 6, చటాన్‌పల్లి. దిశ కేసు నిందితులు నలుగురినీ కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేనూ ఆరోజు స్టేటస్ పెట్టాను, దాచుకోను. అప్పుడు బీటెక్ కుర్రాణ్ణి, కోపంలో ఉన్నాను. 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు మైనర్లు అని కూడా ఉంది. చదివాక ఆ పాత స్టేటస్ స్క్రీన్‌షాట్ చూసుకున్నాను. గిరాయిపల్లి కాలంలో పేపర్లు నోరు మూసుకుంది సెన్సార్ వల్ల. నా నోరు ఎవరు మూశారు? ఎవరూ లేరు. నేనే చప్పట్లు కొట్టాను.

పక్షపాతం బాధితుణ్ణి కూడా ముంచుతది, అది మక్కా మసీదు కేసులో చూడండి. 2007 మే 18న పేలుడు. ముందు పాతబస్తీ కుర్రాళ్లని పట్టుకెళ్లారు. తర్వాత వాళ్లకి సంబంధం లేదని తేలింది, 2012లో ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. తర్వాత దర్యాప్తు పూర్తిగా రెండో వైపు తిరిగింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు అసీమానంద సహా ఐదుగురిని సాక్ష్యాలు లేవని వదిలేసింది. ఒక పక్షం మొదటి అరెస్టుల మీద అరిచింది, ఇంకో పక్షం రెండో అరెస్టుల మీద అరిచింది. నమాజుకి వెళ్లి తిరిగిరాని మనుషులని ఎవరు చంపారు? పదేళ్లు దాటాక కూడా కోర్టు దగ్గర జవాబు లేదు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. తెలంగాణ ఉద్యమం టైమ్‌లో ఈ విద్యానగర్‌లోనే రూమ్ తీసుకుని డిగ్రీ చదివేవాడు. ఒకరోజు ర్యాలీ చూస్తూ రోడ్డు పక్కన నిలబడితే పట్టుకెళ్లి కేసు పెట్టారు. రాష్ట్రం వచ్చాక ఉద్యమ కేసులు ఎత్తేస్తున్నామన్నారు, చాలా కేసులు ఎత్తేశారు కూడా. అన్న పేరు లిస్టులో లేదు. ఎందుకంటే అన్న ఏ సంఘంలోనూ లేడు, ఆయన పేరు రాసిచ్చే లీడర్ లేడు. గల్ఫ్ ఉద్యోగానికి పాస్‌పోర్ట్ పెట్టుకుంటే వెరిఫికేషన్‌లో "కేసు పెండింగ్". ఆ ఉద్యోగం పోయింది. చివరికి సాక్షులు రాక కేసు కొట్టేశారు. "నిర్దోషినే కదరా, మరి నా మూడేళ్లు ఎవరిస్తరు?" అన్నాడు నాతో.

అన్న మాట విన్నాకే నాకు చెరబండరాజు కేసు అర్థమైంది. కేసు పెట్టడం ఎంత రాజకీయమో, ఎత్తేయడం కూడా అంతే రాజకీయం. పాత చట్టంలో సెక్షన్ 321, కొత్త చట్టంలో 360. ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు వెనక్కి తీసుకోవచ్చు. ప్రభుత్వం మారినప్పుడల్లా మన కేసులు ఎత్తేయి, వాళ్ల కేసులు తవ్వు అన్నది చూస్తూనే ఉన్నాం. 2021లో సుప్రీంకోర్టు ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయొద్దని చెప్పాల్సి వచ్చింది. కొత్త చట్టంలో బాధితుడి మాట వినకుండా ఎత్తేయొద్దని కూడా పెట్టారు. మంచిదే. కానీ అన్నలాంటివాళ్ల పేరు లిస్టులో ఎక్కించే రూల్ ఇంకా ఎక్కడా లేదు.

ఇదిగో, తార్నాక వచ్చేశాం. మెట్రో స్టేషన్ కింద నిలబడ్డాను. నా మాట ఇంతే. హక్కుల సంఘాల్లో రాజకీయం ఉందా? ఉంది, అందులో ఉన్నాయనే చెప్పి బయటికొచ్చాడు. వాళ్లు లేకపోతే గిరాయిపల్లి మనకి తెలిసేదా? తెలిసేది కాదు. రెండూ నిజమే, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయకండి. కోర్టులో పక్షపాతం ఉందా అంటే, తీర్పు ఒక్కటే చూడకండి. కేసు ఎవరి మీద పడింది, ఎన్నేళ్లు నడిచింది, ఎవరిది ఎత్తేశారు, అది చూడండి.

ఈసారి ఫోన్‌లో ఒక వార్త చూసి కోపమొస్తే, షేర్ కొట్టేముందు పది సెకన్లు ఆగి, అందులో పేరు, కులం, మతం, పార్టీ మార్చి మళ్లీ చదవండి. కోపం అంతే ఉంటే షేర్ చేయండి. తగ్గిందంటే, ఆ బగ్ సిస్టమ్‌లో కాదు, మనలో ఉన్నట్టు. మీకు ఆ టెస్ట్ ఫెయిలైన రోజు ఒకటి ఉంటే కింద కామెంట్‌లో రాయండి. నాది నేను చెప్పేశాను. వచ్చే వారం కలుద్దాం.