వంతెన అవతలి చాక్లెట్

బయోన్‌లో అదూర్ నది మీది వంతెన ఈ కొస నుంచి ఆ కొసకి నడవడానికి నాలుగు నిమిషాలు చాలు. నైరుతి ఫ్రాన్స్‌లో, స్పెయిన్ సరిహద్దుకి దగ్గరగా ఉంటుందా ఊరు. రైలు దిగే ఒడ్డు పేరు సెంతెస్ప్రి. జంట శిఖరాల చర్చి, కోట గోడలు, చాక్లెట్ దుకాణాలు ఉన్న ఒడ్డు పాత బయోన్. 17వ శతాబ్దంలో తెల్లారగానే సెంతెస్ప్రి నుంచి కొందరు రాళ్లు మోసుకుంటూ ఈ నది దాటేవాళ్లు. పట్నంలో కబురు చేసిన ఇంటికి వెళ్లి, రాయి దించుకుని, నేల మీద మోకాళ్లు మోపి కోకో గింజలు నూరి, చాక్లెట్ చేసి ఇచ్చేవాళ్లు. పొద్దుగూకేలోపు మళ్లీ నది దాటి వెళ్లిపోవాలి. రాత్రి పట్నంలో ఉండే హక్కు వాళ్లకు లేదు. వాళ్లు యూదులు.

ఫ్రెంచి ఇళ్లలో కాచే చిక్కటి వేడి చాక్లెట్ చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది రాణుల దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ రాళ్ల దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ రాయిని చూడగానే గుర్తుపట్టాను.

మాది పశ్చిమ గోదావరి. మా నాన్న కొబ్బరితోటలో కోకో అంతరపంటగా వేశారు. కాయ మాను నుంచే పుడుతుంది, బొప్పాయి పిందెలా. పగలగొడితే లోపల సీతాఫలంలో లాగా గింజ చుట్టూ తెల్లటి గుజ్జు. పుల్లగా, తియ్యగా ఉంటుంది. చిన్నప్పుడు ఆ గుజ్జు చీకి, గింజ మాత్రం జాగ్రత్తగా బుట్టలో వేసేవాళ్లం. గింజల్ని కుప్పపోసి, గోనెలు కప్పి, మధ్యలో తిరగేస్తూ ఆరేడు రోజులు పులియబెట్టేవారు. ఇల్లంతా ఘాటు వాసన. తర్వాత పరదాల మీద ఎండబోసి, సంచులకెత్తి, వ్యాపారికి తూచి ఇచ్చేవారు. అక్కడితో మా కథ అయిపోయేది. ఆ గింజ చాక్లెట్ ఎలా అవుతుందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

పెళ్లయి ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చాక చూశాను. మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ, పుట్టింది బయోన్‌లో. మొదటి చలికాలంలో ఒక ఆదివారం నన్ను పిలిచి చిన్న కప్పులో చాక్లెట్ ఇచ్చింది. అంతకుముందు నాకు తెలిసిన వేడి చాక్లెట్ అంటే పాలల్లో కలిపే పొడి. ఇది వేరు. గరిటె జారుగా, నల్లగా, మెరుస్తూ ఉంది. చెంచా తీస్తే వెనకవైపు మందంగా పట్టింది. ఎలా చేస్తారని అడిగితే, అటక మీది నుంచి వాళ్ల అమ్మమ్మ పాత్ర దింపించింది. రాగి పాత్ర, లోపల కళాయి, పక్కకి పొడుచుకొచ్చిన చెక్క పిడి, మూతకి నడిమధ్యన ఒక చిల్లు. ఆ చిల్లులోంచి పైకి వచ్చే కర్ర, దాని కింది కొసన గాట్లు కోసిన గుండ్రటి తల. రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పి చూపించింది. "కవ్వం!" అన్నాను, తెలుగులోనే. వాళ్లు దాన్ని మూస్వార్ అంటారు. అంటే నురగ తెప్పించేది.

"మాకు దీన్ని నేర్పినవాళ్లని మా ఊరు రాత్రిపూట గోడల లోపల పడుకోనివ్వలేదు" అంది ఆవిడ. ఆ మాట పట్టుకునే నేను మొదటిసారి బయోన్ వెళ్లాను. అక్కడ పాతకాలపు నూరుడు రాయి చూశాను. కొంచెం వంపు తిరిగిన పలక, దాని మీద రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసే పొత్రం. అచ్చం మా సన్నికల్లు.

ఈ రాయి పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్లు వేల ఏళ్లుగా దానిమీద మొక్కజొన్న, కోకో నూరుతున్నారు. కోకో గింజలో సుమారు సగం బరువు కొవ్వే. అందుకని దాన్ని నూరితే పొడి అవదు. నువ్వులు దంచినట్టు ముందు ముద్దవుతుంది, ఇంకా నూరితే కొవ్వు వదిలి జారుతుంది. ఆ కొవ్వు కరగడానికి 34 డిగ్రీల వేడి చాలు. చలిదేశంలో ఆ వేడి కోసం రాయి కింద నిప్పులు పెట్టేవారు. ఎంత వేడి పెట్టాలి, గింజ ఎంతవరకు వేయించాలి, ఎప్పుడు పంచదార కలపాలి, దాల్చినచెక్క ఎంత, వెనిల్లా ఎంత — ఇదంతా మోకాళ్ల మీద కూర్చుని నూరేవాళ్ల చేతుల్లో ఉన్న విద్య.

ఆ విద్య స్పెయిన్ నుంచి ఫ్రాన్స్‌కి వచ్చిన దారి కష్టాల దారి. 1492లో స్పెయిన్ తన యూదుల్ని వెళ్లగొట్టింది. 1497లో పోర్చుగల్ తన గడ్డ మీదున్న యూదులచేత బలవంతంగా మతం మార్పించింది. మారిన తర్వాత కూడా మతవిచారణ సభలు వెంటాడాయి. ప్రాణాలు దక్కించుకుని సరిహద్దు దాటినవాళ్లలో కొందరు అదూర్ ఒడ్డున ఆగారు. ఫ్రెంచి రాజు రెండో హెన్రీ 1550లో వాళ్లకు ఉండటానికి అనుమతి ఇచ్చాడు. "కొత్త క్రైస్తవులు", "పోర్చుగీసు వర్తకులు" అనే పేర్లతో ఇచ్చాడు, యూదులు అనే మాట లేకుండా. బయోన్ మాత్రం వాళ్లని గోడల బయటే ఉంచింది. సముద్రం అవతలి నుంచి కోకో తెప్పించగల బంధువర్గం, వ్యాపార పరిచయాలు, నూరే పనితనం వాళ్లకున్నాయి. అలా సెంతెస్ప్రి ఇరుకు వీధుల్లో ఫ్రాన్స్ చాక్లెట్ పుట్టింది.

రాణుల కథ కూడా అబద్ధం కాదు. 1615లో ఫ్రెంచి రాజు 13వ లూయీని పెళ్లాడిన ఆన్, 1660లో బయోన్ పక్కనున్న సెన్ జాన్ ద లూజ్‌లో 14వ లూయీని పెళ్లాడిన మరీ తెరేజ్, ఇద్దరూ స్పెయిన్ ఆడపడుచులే. పుట్టింటి చాక్లెట్ వాళ్లతో వచ్చిందని ఫ్రెంచివాళ్లు చెప్పుకుంటారు. 1659లో దవీద్ షాయూ అనే అతనికి పారిస్‌లో చాక్లెట్ అమ్ముకునే హక్కు 29 ఏళ్లపాటు ఒక్కడికే దక్కింది. 1671లో సెవీన్యే అనే దొరసాని తన కూతురికి రాసిన ఉత్తరాల్లో ముందు చాక్లెట్ తాగమని చెప్పింది, కొన్ని నెలలు తిరక్కుండానే వద్దని హెచ్చరించింది. మందా, విషమా అన్న సందేహం అప్పటి వైద్యుల్లోనూ ఉండేది.

ఆ ఉత్తరాల కాలంలోనే సముద్రం అవతల, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని మార్టినిక్ దీవిలో కోకో తోటలు లేచాయి. అక్కడ మొదట కోకో పనిని నిలబెట్టినవాళ్లలో బెంజమిన్ డకోస్టా ఒకడు. అతనూ యూదుడే. 1685లో 14వ లూయీ తన దీవులకి ఒక చట్టం చేశాడు. దానికి "నల్ల చట్టం" అని పేరు. దాని మొదటి నిబంధనే యూదులు దీవుల్ని విడిచిపోవాలని. మిగతా నిబంధనల్లో ఎక్కువవి ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల్ని ఎలా అదుపులో పెట్టాలో చెప్పేవి. తోట వేసినవాణ్ణి తరిమేశారు, తోటలో పనిచేసేవాణ్ణి కట్టేశారు. ఫ్రెంచి దీవుల్లో బానిసత్వం చివరికి రద్దయింది 1848లో. అప్పటిదాకా పారిస్ కప్పుల్లోకి వచ్చిన తీపిలో, ముఖ్యంగా పంచదారలో, ఆ మనుషుల చెమట ఉంది. కోకో పండించే ఇంటి పిల్లగా నేను ఈ మాట దాటవేసి ముందుకు పోలేను.

బయోన్‌లో మరో అన్యాయం జరిగింది. వంతెన దాటి వచ్చేవాళ్ల దగ్గర చూసి నేర్చుకున్న క్రైస్తవ చాక్లెట్ పనివాళ్లు 1761లో ఒక సంఘం పెట్టుకున్నారు. చాక్లెట్ చేసే హక్కు సంఘం సభ్యులకే. యూదులకి సభ్యత్వం లేదు. నేర్పినవాళ్లకే పని లేకుండా చేశారు. సెంతెస్ప్రివాళ్లు ఊరుకోలేదు, బోర్డోలోని ఉన్నత న్యాయస్థానానికి వెళ్లారు. 1767లో ఆ న్యాయస్థానం సంఘాన్ని రద్దు చేసింది. ఆరేళ్లు పట్టినా గెలిచారు. 1790లో విప్లవ ప్రభుత్వం బయోన్, బోర్డో యూదులకి పౌరసత్వం ఇచ్చింది. 1857లో సెంతెస్ప్రి బయోన్‌లో కలిసింది. ఇప్పుడు రెండు ఒడ్లూ ఒకే ఊరు.

బయోన్‌లో ఆ సంఘం గొడవ నడిచిన 18వ శతాబ్దంలోనే రాజభవనంలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. 15వ లూయీ వెర్సాయ్‌లో తన సొంత గదుల్లో తానే చాక్లెట్ కాచుకునేవాడు. 1755లో మెనోన్ అనే వంటల రచయిత రాజదర్బారు విందుల పుస్తకంలో ఆ కాలపు పద్ధతి రాశాడు. ఎన్ని కప్పులు కావాలో అన్ని చాక్లెట్ బిళ్లలు, అన్ని కప్పుల నీళ్లు. సన్నటి సెగ మీద కాచి, దింపే ముందు నాలుగు కప్పులకొక గుడ్డు పచ్చసొన కలిపి, కవ్వంతో చిలకాలి. ముందు రోజే కాచి ఉంచితే ఇంకా బాగుంటుందని కూడా చెప్పాడు. 1768లో షార్పాంతియే గీసిన ఒక చిత్రంలో పాంతియేవ్ ప్రభువు కుటుంబం పట్టుబట్టల్లో కూర్చుని చాక్లెట్ తాగుతోంది. కప్పులు కనిపిస్తాయి. నూరిన చెయ్యి ఆ బొమ్మలోకి రాలేదు.

నూరేవాళ్ల మోకాళ్లకి ఊరట 1732లో వచ్చింది. దుబుయిసోన్ అనే అతను నడుమెత్తు బల్లలాంటి నూరుడు రాయి చేయించి, కింద బొగ్గుల సెగ పెట్టాడు. మనిషి నిలబడి నూరే వీలు కలిగింది. రాజుల ప్రశస్తి కంటే నాకు ఆ బల్ల ముఖ్యమైన మలుపుగా తోస్తుంది.

ఇక 1828. హాలండ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకోని గట్టిగా అదిమి కొవ్వు పిండే యంత్రానికి హక్కు పొందింది. కొవ్వు తీయగా మిగిలిన పిప్పిని పొడి చేస్తే కోకో పౌడర్. పాలల్లో తేలిగ్గా కలుస్తుంది, చౌక. లోకంలో చాలా ఇళ్లలో వేడి చాక్లెట్ అంటే ఆ పొడే అయింది. ఫ్రెంచి వంటిళ్లు మాత్రం పాత పద్ధతి విడవలేదు. 1836 నుంచి మెనియే కంపెనీ పసుపు కాగితంలో చుట్టిన చాక్లెట్ బిళ్లలు అమ్మింది. ఆ బిళ్లని తురిమి పాలల్లో కరిగించడం మామూలు ఇళ్ల అలవాటైంది. బయోన్‌లో 1854లో మొదలైన కాజ్‌నావ్ దుకాణంలో ఇప్పటికీ చాక్లెట్‌ని చేత్తో చిలికి, గులాబీలు వేసిన పింగాణీ కప్పులో, నురగ అంచు దాటి పొంగేలా పోసి, వెన్న రాసిన కాల్చిన రొట్టెతో ఇస్తారు. పారిస్‌లో 1903లో మొదలైన ఆంజెలీనా చాక్లెట్ నురగ కంటే చిక్కదనానికి పేరు పొందింది. రెంటికీ మూలం ఒకటే. గింజలోని కొవ్వు గింజతోనే ఉంది. ఆ చిక్కదనమే సెంతెస్ప్రి రాయి ఇచ్చిన ఆస్తి.

మా ఇంటి పెద్దావిడ నేర్పిన తీరు ఇది. అరలీటరు చిక్కటి పాలు, 150 గ్రాముల నల్ల చాక్లెట్, 70 శాతం కోకో ఉన్నది. చాక్లెట్‌ని కత్తితో సన్నగా తరగాలి. పాలు అంచున బుడగలు రాగానే దింపి, ఒక గరిటెడు చాక్లెట్ మీద పోసి కలపాలి. మొదట ముద్ద బిగుసుకుంటుంది, విరిగినట్టు కనిపిస్తుంది. కంగారుపడక్కర్లేదు. ఇంకో గరిటెడు పోసి కలిపితే వదులై, నిగనిగలాడుతుంది. అప్పుడు మిగతా పాలన్నీ పోసి, చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార వేసి, సన్నసెగ మీద ఐదు నిమిషాలు తిప్పుతూనే ఉండాలి. తెర్లనివ్వకూడదు. దింపి కవ్వంతో చిలకాలి. ఒక రాత్రి ఉంచి మర్నాడు వేడిచేసుకుంటే ఇంకా చిక్కనవుతుంది. మన గేదెపాలతో చేస్తే చాక్లెట్ 120 గ్రాములే వేయండి, సరిపోతుంది. చిన్న కప్పులు నాలుగు వస్తాయి.

మొన్న వేసవిలో ఊరెళ్లినప్పుడు మా తోట గింజలు కిలో పక్కన పెట్టించాను. ఇనప మూకుట్లో వేయించాం. అమ్మ చేటతో చెరిగి పొట్టు పోగొట్టింది. సన్నికల్లు కడిగి మే నెల ఎండలో గంటసేపు పెట్టాను. నిప్పుల అవసరం రాలేదు. రాయి చెయ్యి పెట్టనీయనంత కాలింది. అమ్మా నేనూ వంతులేసుకుని నూరాం. అరగంటకి ముద్దయింది, ఇంకో గంటకి జారడం మొదలైంది. అమ్మ పొత్రం ఆపి వేలితో తీసి చూసింది. పంచదార కలిపి, పాలల్లో కాచి, మజ్జిగ కవ్వంతో చిలికాను. దుకాణం చాక్లెట్ అంత నున్నగా లేదు, నాలుక మీద చిన్న పలుకు తగిలింది. నాన్న గ్లాసు అందుకుని, రెండు గుక్కలు తాగి, "ఇదా మన కాయ!" అన్నారు. ఇరవై ఏళ్లు కోకో పండించిన మనిషి దాని రుచి చూడటం అదే మొదటిసారి.

ఇవాళ దేశంలో కోకో అన్నిటికంటే ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. పండించే ఇళ్లలో సన్నికళ్లు ఇంకా మూలన ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే బయటికి తీయండి. గుప్పెడు గింజలు నూరండి, పిల్లలకి ఒక్కో కప్పు కాచి ఇవ్వండి. ఇస్తూ, పొద్దున వంతెన దాటి వచ్చి రాత్రి ఉండనివ్వని ఊరికి ఈ రుచి నేర్పి వెళ్లినవాళ్ల గురించి, దూరపు దీవుల్లో సంకెళ్లతో పనిచేసినవాళ్ల గురించి కూడా వాళ్లకి చెప్పండి.