తిరిగి వెళ్ళిన మిషనెరీ

శతవార్షిక సంచికలలో మన దేశమునకు వచ్చిన మిషనెరీల చరిత్రలు తరచుగా చదువుతుంటాము. ఎవరు ఏ ఓడ మీద వచ్చారు, ఎక్కడ బడి కట్టించారు, ఏ కరవులో గంజి పోశారు అన్నవి మన పెద్దలు బాగుగా ఎరిగినవే. నేను తిరిగి వెళ్ళిన ఒక మిషనెరీని గూర్చి వ్రాయదలచాను. తిరిగి వెళ్ళిన తరువాతనే ఆయన మనకు మిక్కిలి అవసరమైన మాట చెప్పారని నా అభిప్రాయము.

ఆయన లెస్లీ న్యూబిగిన్ గారు. 1909లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించారు. స్కాట్లండు సంఘము పంపగా 1936లో మద్రాసు రాజధానికి వచ్చి, తమిళము నేర్చి, కాంచీపురములో పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన దినముననే, 37 ఏండ్ల వయస్సులో, మధుర-రామనాథపురము అధ్యక్ష ఖండమునకు బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ప్రెస్బిటేరియను గురువు ఆంగ్లికనులకు కూడ బిషప్పగుట ఆనాడు చిన్న సంగతి కాదు. ఆ ఐక్యత కొరకు ఎంతో పాటుపడిన మన దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు 1945 జనవరి 1న, ఆ దినమును చూడకుండగనే ప్రభువునందు నిద్రించారు.

కాంచీపురములో న్యూబిగిన్ గారు వారమునకొక సాయంకాలము రామకృష్ణ మఠమునకు వెళ్ళి, స్వాములతో పాటు నేలమీద కూర్చుండి ఉపనిషత్తులు, సువార్తలు చదివేవారు. అక్కడి హాలులో మహాత్ముల పటముల వరుసలో యేసు పటము కూడ ఉండేది. క్రిస్మసునాడు దానికి పూజ జరిగేది. ఇది గౌరవమే, సందేహము లేదు. అయితే యేసును తమకు ముందే ఉన్న చట్రములో ఒక పటముగా బిగించారని ఆయనకు తోచింది. తన స్వదేశపు క్రైస్తవులు కూడ ఆ పనే చేశారని, వారి హాలునకు ఆధునిక విజ్ఞానమని పేరు పెట్టుకొన్నారని ఆయన గ్రహించినది చాల కాలము తరువాత.

మొదట్లో ఆయనకు లౌకిక సంస్కృతిపై విరోధము లేదు. 1964లో నాటింగ్‌హాము విశ్వవిద్యాలయములో చేసిన ఉపన్యాసములలో దానిని చాలవరకు ఆహ్వానించారు కూడ. 1965 నుండి మద్రాసు బిషప్పుగా ఉండి, 1974లో విరమించారు. అప్పుడు విమానమెక్కకుండ, భార్యతో కలిసి, రెండు పెట్టెలు, ఒక వీపు సంచితో బస్సులు మారుతూ ఇంగ్లండు చేరారు. దారిలో ఒక్క ఆదివారము మాత్రము కలిసి ఆరాధించుటకు ఒక్క క్రైస్తవుడైనను వారికి దొరకలేదు. ఆ చోటు టర్కీలోని కప్పదొకియ. నాలుగవ శతాబ్దములో బాసిలు, ఇద్దరు గ్రెగొరీలు త్రిత్వ సిద్ధాంతమును తీర్చిదిద్దిన నేల అది! దంపతులిద్దరే ఆరాధన జరుపుకొన్నారు. సంఘము చచ్చిపోగలదని ఆయనకు పుస్తకములు చెప్పనక్కరలేకపోయింది.

ఇంగ్లండు చేరిన తరువాత, భారతదేశమున ఎదురైన వ్యతిరేకత కంటె అక్కడి తిరస్కారము భరించుట కష్టమని ఆయన వ్రాశారు. ఎవరూ వాదించరు. విజ్ఞానము చెప్పునది సత్యము, విశ్వాసము చెప్పునది ఎవరి ఇష్టము వారిది అని విడదీసి ఊరుకుంటారు. సత్యమనగా ఏమని అడిగి, జవాబు కొరకు ఆగకుండ బయటికి నడచిన పిలాతు ఆ వీధులలో పరాయివాడు కాడు.

మనకు చిన్ననాటినుండి తెలిసిన అంధగజన్యాయమును 1989 నాటి గ్రంథములో ఆయన తీసుకొన్నారు. ఒక్కొక్క గుడ్డివాడు ఏనుగులో ఒక భాగమునే తడిమాడు, అట్లే ఏ మతమునకూ పూర్తి సత్యము తెలియదు అని దానిని చెప్పుట వాడుక. అయితే ఈ కథ చెప్పువాడెవడు? ఏనుగును పూర్తిగా చూచిన రాజు! కథ చెప్పువాడు తాను గుడ్డివాడు కాడనుకొనుచున్నాడు. వినయముగా కనబడు ఆ మాటలో అందరికంటె పెద్ద దావా ఉన్నది.

మరి సంపూర్ణ సత్యము మన చేతిలోనే ఉన్నదని గుద్ది చెప్పవలెనా? అదియు కాదంటారు న్యూబిగిన్ గారు. సందేహమునకు తావులేనిదే సత్యమని 17వ శతాబ్దమున డెకార్టు పెట్టిన కొలతయే తప్పు. ఇక్కడ ఆయనకు తోడ్పడినవాడు మైకేల్ పొలానీ అను హంగరీ రసాయన శాస్త్రవేత్త, హిట్లరు రాగానే 1933లో బెర్లిను విడిచి మాంచెస్టరు చేరినవాడు. 1958లో వెలువడిన ఆయన గ్రంథము చెప్పునదేమనగా, ప్రయోగశాలలోనివాడు సహితము ముందు నమ్మవలెను: గురువును, పనిముట్టును, ప్రకృతిలో క్రమమున్నదనుటను. పొరబడే అవకాశమున్నను, తాను కనుగొన్నది అందరికి సత్యమనియే ప్రకటిస్తాడు. మా ఇంటివరకే ఇది నిజము అని ఏ శాస్త్రజ్ఞుడును అనడు. నమ్మి గ్రహించుట అగస్టీను నాటి మాటయే. సాక్షి సత్యమునకు యజమాని కాడు, అయినను నోరు మూసుకొనడు.

ఒక సంగతి ఇక్కడ చెప్పవలెను. మన దేశమున లౌకిక రాజ్యమను మాటకు అర్థము వేరు. 1976లో ప్రవేశికలో చేరిన ఆ మాట, 25వ అధికరణము ఇచ్చు ప్రచార స్వేచ్ఛ, మనవంటి అల్పసంఖ్యాకులకు గొడుగు వంటివి. న్యూబిగిన్ గారి విమర్శను తెచ్చి ఆ గొడుగును చించుకొనరాదు. రాజ్యము ఏ మతము పక్షమును వహించకుండుట వేరు, సత్యము అను ప్రశ్ననే ఎత్తకుండుట వేరు. కన్ఫర్మేషన్ తరగతిలో పిల్లలు నన్ను అడుగునది ఈ రెండవదే. నీది నీకు నిజము, నాది నాకు నిజము అంటే గొడవ ఉండదు గదా అయ్యగారూ, అంటారు. హైదరాబాదులోను అమెరికాలోను ఉద్యోగములు చేయు వారి అన్నలు, అక్కలు కూడ ఫోనులో ఇదే అడుగుతారు. వారికి అంధగజ కథను తిరిగి చెప్పి, రాజు ఎక్కడ నిలబడియున్నాడో చూపమంటాను. కొందరు నవ్వుతారు, కొందరు ఆలోచనలో పడతారు.

న్యూబిగిన్ గారి జవాబు పుస్తకములతో ఆగలేదు. 1980లో, 70 ఏండ్లు నిండిన తరువాత, బర్మింగ్‌హాములో జైలు ఎదుటనున్న వింసన్ గ్రీన్ అను పేదవాడలో, మూతపడనున్న ఒక చిన్న సంఘమునకు కాపరిగా వెళ్ళారు. మిగిలినవారు కొద్దిమంది వృద్ధులు. సువార్త నమ్మదగినదని లోకమునకు అర్థమగుటకు దానిని నమ్మి బ్రదుకు సంఘము తప్ప వేరు వ్యాఖ్యానము లేదని ఆయన వ్రాసినది ఆ వీధుల అనుభవముతోనే. ఆయన తలుపు తట్టినప్పుడు లోపలికి పిలిచి కూర్చుండబెట్టినవారు ఎక్కువగా ఆసియా దేశములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారే.