బానెట్ కింద పాత తీగలు

1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచినప్పుడు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దారుల్లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. ఆ గుట్టలెక్కే అంబాసిడర్లు, ఫియట్లు అప్పటికి మామూలు కార్లే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చి ఫిల్మ్‌నగర్‌కు రూపమిచ్చాయి. 2018లో నాగ్ అశ్విన్ ‘మహానటి’ విడుదలయ్యేనాటికి సావిత్రి కాలం నాటి కార్లు వెతికి తెచ్చుకోవాల్సిన సరుకైపోయాయి.

వెతికి తెచ్చిన కారుకు రంగు వేయించడం తేలిక. పేచీ అంతా వైరింగుతోనే.

1950ల తొలినాళ్ల దాకా బ్రిటిష్ కార్లలో రాగి తీగ మీద రబ్బరు, దాని మీద నూలు అల్లిక ఉండేవి. పీవీసీ తొడుగు ఆ తర్వాత వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్, ఆ వంశపు లూకాస్ కంపెనీ రంగుల పద్ధతినీ వెంట తెచ్చుకుంది: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, ఇగ్నిషన్‌కు తెలుపు, హెడ్‌లైట్లకు నీలం, సైడ్ లైట్లకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. యాభై ఏళ్లలో పదిమంది మెకానిక్కుల చేతులు పడ్డాక ఆ పద్ధతి ఎక్కడ మిగులుతుంది? హారన్‌కో తీగ, టేప్‌రికార్డరుకో తీగ, దొరికిన రంగుతో అతుకేసి టేపు చుట్టేసి ఉంటారు.

రబ్బరు తొడుగు ఇంజన్ వేడికి పెళుసుబారి రాలుతుంది. లోపలి రాగి నల్లబడి దీపాలు మసకేస్తాయి. పైగా ఆ కార్లలో గోధుమ రంగు తీగకు ఫ్యూజు ఉండదు. అది ఒరిసిపోయి బాడీకి తగిలితే నిప్పే.

అయినా తీగ మార్చాలా వద్దా అన్నది కారు వాడకాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1911లో కన్నుమూసిన ఆయన దాన్ని ఎక్కనేలేదు. అలా ప్రదర్శనకు నిలిపే కారులో అసలు తీగను ఉంచడమే న్యాయం, బ్యాటరీ కలపనంత వరకు.

షూటింగ్ కారు సంగతి వేరు. ఎండలో టేకు మీద టేకు, ప్రతిసారీ సెల్ఫ్ కొట్టడం, హెడ్‌లైట్లు వేసి నిలబెట్టడం. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే పాత డైనమో దాదాపు ఛార్జి ఇవ్వదు. అలాంటి కారులో రబ్బరు తీగ ఉంచడం మొండితనమే. ఆ తీగల కట్టను కోయకుండా మొత్తంగా విప్పి, చెక్క మీద మేకులు కొట్టి పరిచి, అదే కొలతకు కొత్తది కట్టుకోవాలి. అప్పుడు పాతదానికి ఉన్న విలువ కూడా పోదు. పీవీసీ తీగైతే తొందరపడనక్కర్లేదు: వంచితే పగలకుండా, హెడ్‌లైటు వెలుగుతుండగా బ్యాటరీకీ బల్బుకీ మధ్య అర వోల్టు కన్నా తక్కువ పడిపోతుంటే ఉంచేయొచ్చు. తీగల కొసలను కలిపే బుల్లెట్ కనెక్టర్లు మాత్రం మార్చాల్సిందే.

కొత్త తీగ కలిపే ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసిందో చూడాలి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి అది పాజిటివ్. నేటి ఎలక్ట్రానిక్ సరుకును గుడ్డిగా తగిలిస్తే క్షణంలో కాలుతుంది.

‘అసలుతనం పోతుంది’ అనేవాళ్లకు 2021 జులై నాటి కేంద్ర నిబంధన కొంత ఊరట. యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మారకూడదంటుంది. వైరింగ్ మాట ఆ జాబితాలో లేదు. నూలు అల్లిక కింద పీవీసీ ఉన్న తీగలు పాత రంగుల్లోనే బ్రిటన్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి. బానెట్ ఎత్తే సీను ఉన్నా, కెమెరాకు తేడా తెలియదు.