కేశవనామాలు ఇరవైనాలుగే ఎందుకు?

ఈ ప్రశ్న ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. తెలుగు పండితుడనైన నాకు జవాబు తెలియదు. "అధికప్రసంగం వద్దు, కూర్చో" అన్నాను.

ఉద్యోగ విరమణానంతరం 'లీలావతి' తెరిచాను. 1150లో భాస్కరాచార్యుడు రచించిన ఆ గ్రంథంలో 'అంకపాశ' ప్రకరణముంది. శంఖ చక్ర గదా పద్మాలను హరి నాలుగు చేతులలో మార్చి మార్చి నిలిపితే ఎన్ని మూర్తిభేదాలని అక్కడొక లెక్క. మొదటి చేతికి నాలుగింటిలో ఏదైనా కావచ్చు. తరువాతిదానికి మిగిలినవి మూడు, ఆపై రెండు, కడకు ఒకటి. 4×3×2×1 = 24. శివుని పది చేతులలో పది ఆయుధాలైతే 36,28,800!

కేశవ నారాయణ మాధవాది మూర్తులను శిల్పులు వేరుపరచేదీ ఈ ఆయుధక్రమంతోనే.

జవాబు దాదాపు తొమ్మిది శతాబ్దాలుగా పుస్తకంలోనే ఉంది. "తెలియదు నాయనా" అనే మాటే ఆనాడు నా నోట లేకపోయింది.